బండి ఆగినా ఉపాధి ఆగదు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్‌నగర్ వైపు సాగే రహదారులలో సినీతారల కార్లను చూసేవారు చాలామంది. వాటి నడుమ లైట్లు, పరదాలు, సెట్టు సామగ్రి, వంటపాత్రలు నింపుకొని పోయే చిన్న ట్రాలీ బండ్లను గమనించేవారు తక్కువ. చిత్రీకరణకు కావలసిన సరుకును తెల్లవారకముందే కొండ మీదికి చేర్చేది ఈ బండ్లే. వాటిని నడిపేవారిలో షేక్‌పేట, టోలీచౌకి, యూసుఫ్‌గూడ, బోరబండ బస్తీలకు చెందిన ముస్లిం సోదరులు ఎందరో ఉన్నారు. వారిలో డీజిల్ బండి గలవారి మనసుల్లో కొన్నేళ్ళుగా ఒక దిగులు గూడుకట్టుకొని ఉంది. తమ బండి లాంటివాటి తయారీని కంపెనీలు తగ్గించుకొంటున్నాయి. ఉన్నది పాడైతే తర్వాత ఏమిటి?

ఇది కేవలం ఒక యంత్రానికి సంబంధించిన బెంగ కాదు. ఒక ఇంటి ధర్మసమ్మతమైన సంపాదనకు, వడ్డీ సోకని జీవితానికి సంబంధించిన ప్రశ్న. అందుకే ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

డీజిల్ బండి మన ఇళ్ళకు వచ్చిన విధం

1980లలో జపాన్ కంపెనీల సహకారంతో మన దేశంలో నాలుగు చోట్ల తేలికపాటి డీజిల్ లారీల తయారీ మొదలైంది. వాటిలో ఒకటి మన జహీరాబాద్‌లో వెలసిన ఆల్విన్ నిస్సాన్. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్ళింది. మరొకటి డీసీఎం టయోటా. 1990ల నడుమ టయోటా దాని నుండి తప్పుకొన్నది. అయినా తెలంగాణలో నేటికీ ఆ పరిమాణంలోని ఏ వ్యానునైనా ప్రజలు ‘డీసీఎం’ అనే పిలుస్తారు. కంపెనీ పోయినా పేరు నిలిచింది. ప్రజల మనసుల్లో బండికి ఉన్న స్థానానికి ఇదే నిదర్శనం.

2005లో టాటా ఏస్ రావడంతో పేదవాని చేతికి కూడా నాలుగు చక్రాల బండి అందింది. 702 సీసీల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముప్పాతిక టన్ను మోసే శక్తి. ‘ఛోటా హాథీ’ అన్న పేరు దానికి ఊరకనే రాలేదు. 2016లో మారుతి సంస్థ కూడా సూపర్ క్యారీ పేరుతో 793 సీసీల డీజిల్ బండిని తెచ్చింది. ఆటో తోలినవాడు, కూలికి సామాను ఎత్తినవాడు యజమాని అయ్యాడు. ఎన్నో ఇళ్ళలో ఆ మొదటి బండి వెనుక ఇల్లాలి నగలు, తండ్రి దాచిన సొమ్ము ఉన్నాయి.

డీజిల్‌నే కోరుకోవడానికి కారణాలు ఉన్నాయి. 2012 ప్రాంతంలో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు పాతిక రూపాయలకు పైగా తేడా ఉండేది. పైగా డీజిల్ ఇంజను తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది. నిండు బరువుతో షేక్‌పేట నుండి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేవానికి ఆ లాగుడు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

తయారీ ఎందుకు తగ్గింది?

2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తివేసింది. పెట్రోలుతో తేడా క్రమంగా కరిగిపోయింది. ఆ తర్వాత 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్ కార్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుండి 80కి, సూక్ష్మకణాల పరిమితి 25 నుండి 4.5కి తగ్గింది. చిన్న సరుకు బండ్లకూ ఇదే తీరున కట్టుబాట్లు బిగిశాయి. పొగను ఇంతగా వడకట్టే పరికరాలు ఖరీదైనవి. పెద్ద వాహనం ధరలో ఆ ఖర్చు కలిసిపోతుంది. చిన్న బండి ధరలో కలవదు. అందుకే మారుతి సంస్థ డీజిల్‌ను పూర్తిగా వదలుకొన్నది. సూపర్ క్యారీ పెట్రోలు, సీఎన్‌జీ బండిగా మారింది. 2025లో టాటా తెచ్చిన ఏస్ ప్రో కూడా పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్తు రకాలలోనే వచ్చింది. పెద్ద పికప్‌లలో డీజిల్ ఇంకా ఉన్నది. కానీ చిన్న బండ్లలో దాని చోటు ఏటేటా కుంచించుకుపోతున్నది.

యజమానుల మనసులోని మాట

అడ్డాల వద్ద కొందరు యజమానులతో మేము మాట్లాడాము. అందరి బాధ ఒక్కటి కాదు. నడివయసు దాటిన ఒక సోదరుడు, “ఈ బండి కిరాయితోనే ఇద్దరు బిడ్డల నికాహ్ చేశాను భాయ్, దీన్ని ఇనుప సామాను వానికి ఎట్లా అప్పగించను?” అన్నారు. ఇంజను చప్పుడు వింటే చాలు, ఏ భాగానికి జబ్బు చేసిందో తాను చెప్పగలనని మరొకరు గర్వంగా అన్నారు. కొత్త బండ్ల నిండా సెన్సర్లు ఉన్నాయనీ, గల్లీ మెకానిక్‌కు అవి లొంగవనీ ఆయన భయం. విడిభాగాలు ముందుముందు దొరుకుతాయో లేదోనని ఇంకొకరి చింత.

అయితే అందరి మాటల అడుగున ఉన్నది ఒకే విషయం. పాత బండిపై పైసా అప్పు లేదు. కొత్తది కావాలంటే ఫైనాన్స్ కావాలి. ఫైనాన్స్ అంటే నెలనెలా కిస్తీ, కిస్తీతో పాటు వడ్డీ. షూటింగులు రోజూ ఉండవు. కిస్తీ మాత్రం నెల తప్పదు. వారు పట్టుకొని వేలాడుతున్నది ఇనుమును కాదు, అప్పులేని నిద్రను.

వాహనం ఎవరి అనుగ్రహం?

దివ్యఖుర్ఆన్‌లోని అన్-నహ్ల్ సూరా, ఎంతో ప్రయాసపడితే తప్ప చేరలేని చోట్లకు మన బరువులను మోసే పశువులను దైవానుగ్రహంగా పేర్కొంటుంది. స్వారీకీ శోభకూ గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను సృష్టించినట్లు చెప్పి, మనం ఎరుగని వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని తెలుపుతుంది. అంటే వాహనాలు మారుతూనే ఉంటాయి. అనుగ్రహించేవాడు మాత్రం మారడు. మన డ్రైవర్లు బండి ఎక్కగానే చదివే ప్రయాణ దుఆ కూడా ఈ సత్యాన్నే గుర్తుచేస్తుంది. దీన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్, మనం ఆయన వైపునకే మరలిపోవలసినవారం.

బండిపై మమకారం తప్పు కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ ఒంటెను ఖస్వా అనే పేరుతో పిలిచేవారు. మదీనాలో ఒక ఒంటె కన్నీరు కార్చగా దాన్ని నిమిరి, ఆకలితో ఉంచి అతిగా పని చేయిస్తున్నందుకు దాని యజమానిని మందలించారు. మోసే దాని పట్ల దయ చూపడం మన ధర్మం. అయితే ప్రేమ వేరు, నమ్మకం వేరు. బండిని ప్రేమించవచ్చు, ఉపాధి ప్రదాత బండేనని భావించరాదు. అల్-ఆదియాత్ సూరా పరుగెత్తే గుర్రాలతో మొదలై, మానవుని కృతఘ్నతనూ సంపద పట్ల అతని వ్యామోహాన్నీ ఎత్తిచూపడంలో గొప్ప హెచ్చరిక ఉంది.

పొగ కూడా బాటలోని ముల్లే

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది. కొండమీది బంగళాల తలుపులు మూసుకొంటాయి. ఆ పొగను పీల్చేది దారి పక్క బస్తీలలోని పసిపిల్లలు, బండిలో రోజంతా కూర్చొనే మన అన్నదమ్ములే. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని ప్రవక్త (స) బోధించారు. ముల్లు వలె పొగ కూడా బాటసారికి బాధే. కనుక పాత బండిని నడిపినంత కాలం ఇంజెక్టర్లు, ఫిల్టర్లు సరిచేయించడం, మోయగల బరువే వేయడం, పొల్యూషన్ సర్టిఫికెట్‌ను పరీక్ష చేయించకుండా డబ్బిచ్చి తెచ్చుకోకపోవడం మన బాధ్యతలు. మరమ్మతుకు లొంగని బండిని వదలుకోవడం నష్టం కాదు, పొరుగువారి హక్కు తీర్చడం.

అసలు పరీక్ష వడ్డీ

వదలుకోమని చెప్పడం తేలిక. వడ్డీని హరామ్‌గా ఎంచే సోదరుడు మరో బండి కొనడం ఎలా? ఇక్కడ ఇంటివారూ సమాజమూ కలిసి నడవాలి.

మొదటిది, ఇంటి క్రమశిక్షణ. కిరాయి వచ్చిన ప్రతి రోజూ డీజిల్ ఖర్చు తీసినట్లే, రాబోయే బండి వాటాను కూడా తీసి ఇల్లాలి చేతికి ఇవ్వాలి. నడిపే బండిపై జకాత్ లేదు. కానీ ఇలా దాచిన సొమ్ము నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం నిండితే దానిపై జకాత్ ఉందని మరువరాదు. వేలం, కోత లేకుండా వంతులవారీగా మొత్తం చేతికి అందే ఇంటి చీటీలూ తోడ్పడతాయి. రెండవది, ఇద్దరు ముగ్గురు కలిసి భాగస్వామ్యంలో బండి కొని, షరతులను రాతపూర్వకంగా ఉంచుకోవడం. అప్పు లావాదేవీని రాసుకోమని దివ్యఖుర్ఆన్ స్పష్టంగా ఆదేశించింది. మూడవది, నగరంలోని వడ్డీలేని సహకార సంఘాలను ఆశ్రయించడం. నాల్గవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కలిగినవారు ముందుకు వచ్చి ఖర్జె హసనా ఇవ్వడం. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వాలన్న దైవాజ్ఞ ఆచరణకు వచ్చేది ఇక్కడే.

అమ్మేటప్పుడు

పాత బండికి ఇప్పుడు గిరాకీ ఉంది. చిన్న డీజిల్ బండ్లలో కొత్తవి తగ్గాయి గనుక ఉన్నవాటిని వెదికి కొనేవారున్నారు. ఇది కూడా ఒక పరీక్షే. పైన పొడి ధాన్యం, అడుగున తడిసిన ధాన్యం ఉంచిన వర్తకుణ్ణి చూసి, మోసగించేవాడు మనవాడు కాడని ప్రవక్త (స) తేల్చిచెప్పారు. మీటరు వెనక్కి తిప్పడం, ప్రమాదానికి గురైన బండికి రంగు పూసి అంటగట్టడం ఆ తడి ధాన్యం వంటివే. లోపం చెప్పి అమ్మితే ధర కొంత తగ్గవచ్చు. శుభం (బర్కత్) తగ్గదు.

ఆ బండ్లు మన బిడ్డలను పోషించాయి. వాటికి సాధనాలుగా కృతజ్ఞత, వాటిని వశపరచిన ప్రభువుకు స్తోత్రం చెప్పుకుందాం. ఈ జుమాకు మీ మస్జిద్ ముందు పాత ట్రాలీ ఒకటి ఆగి ఉంటే, దాని యజమానిని ఒక్క మాట అడగండి: “భాయ్, తర్వాతి బండికి మేమేమైనా చేయగలమా?” వడ్డీ గడప తొక్కకుండా ఒక సోదరుణ్ణి ఆపగలిగితే, అంతకన్న మంచి పెట్టుబడి మరొకటి లేదు. మన సంపాదనలను అల్లాహ్ శుద్ధంగా, శుభప్రదంగా ఉంచుగాక. ఆమీన్.