నూతిలో పడు రాయి – ఆదివేగము, అంత్యవేగము



వేసవి వచ్చినదనగా మన పల్లెలలో నూతుల పూడిక తీయించు పని మొదలగును. ఒకడు లోనికి దిగి తవ్వును. పైనున్నవారు గిలక మీది మోకు లాగి తట్టలను చేదుదురు. గట్టుమీది వాని కాలు తగిలి పిడికెడు రాయి లోనికి జాఱినచో, “నేను విసరలేదు, అదియే జాఱినది” అని వాడు చెప్పుకొనును. విసరనంత మాత్రమున దెబ్బ స్వల్పమగునా? లెక్క వేసి చూతము.

ఒక వస్తువు పయనమును మనము గమనింప మొదలిడిన క్షణమున దానికి గల వేగము ఆదివేగము. ఆ గమనింపు ముగియు క్షణమున గల వేగము అంత్యవేగము. చేయి జాఱిన రాయికి ఆదివేగము సున్న. కాని భూమి దానిని లాగుచుండుటచే, ప్రతి సెకండునకును దాని వేగము సెకండునకు 32 అడుగుల చొప్పున పెరుగుచుండును. ఈ పెరుగుదలకే త్వరణమని పేరు. గాలి యడ్డు నెంచనిచో పెద్దరాతికిని చిన్నరాతికిని త్వరణ మొక్కటియే. ఇటలీ దేశీయుడగు గెలీలియో వాలుపలకపై గుండ్లు దొర్లించి పరీక్షించి, పడు వస్తువుల నియమమును 1638లో వెలువడిన గ్రంథమున వివరించెను.

త్వరణమును కాలముచే గుణించి ఆదివేగమునకు కలిపినచో అంత్యవేగము వచ్చును. నూయి 64 అడుగుల లోతున్నదనుకొందము. జాఱిన రాయి నేల చేరుటకు 2 సెకండ్లు పట్టును. 32ను 2చే గుణింపగా 64. అనగా సెకండునకు 64 అడుగులు. గంటకు సుమారు 70 కిలోమీటర్లు. రహదారిపై పరుగెత్తు బస్సు వేగమిది!

అదే రాతిని సెకండునకు 20 అడుగుల ఆదివేగముతో క్రిందికి విసరితిమనుకొందము. కాలము తెలియనప్పుడు వేఱొక సూత్రము కలదు: త్వరణమును దూరముచే గుణించి, రెట్టింపుచేసి, ఆదివేగముయొక్క వర్గమునకు కలిపినచో అంత్యవేగముయొక్క వర్గము వచ్చును. ఇచ్చట 4096కు 400 కలుపగా 4496. దాని వర్గమూలము సుమారు 67. జాఱిన రాతికి 64, విసరిన రాతికి 67. భేద మింతియే! కావున ఇంత లోతున ప్రమాదమును పెంచునది విసరిన చేయి కాదు, నూతి లోతే.

ఇంకొక విషయము. జాఱిన రాయి మొదటి సెకండులో 16 అడుగులే దిగును. మిగిలిన 48 అడుగులును రెండవ సెకండులోనే దిగును. పైవాడు చూచి, తెలిసికొని, కేక వేయునప్పటికే ఒక సెకండు గడచిపోవును. క్రిందివాడు తలయెత్తి చూచులోపల రాయి వానిని చేరును.

కావున కేకను నమ్మరాదు. త్రవ్విన మన్నును రాళ్లను గట్టునకు దూరముగా పోయింపవలెను. పనిముట్లను త్రాటితో దింపవలెనే గాని జాఱవిడువరాదు. తట్ట పైకి పోవునప్పుడు లోనివాడు దాని క్రింద నిలువరాదు. తలకు గట్టి టోపీ ధరింపవలెను. “మెల్లగా విడిచితిని” అను మాట నూతిగట్టుమీద చెల్లదు. ఆదివేగము సున్నయైనను అంత్యవేగము ప్రాణాంతకము కాగలదు.