వీలునామా - వారసుల హక్కు

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఒకనాటి ఓడరేవు. అక్కడి ఒక సున్నీ ముస్లిం కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. తండ్రి మరణించాడు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు మిగిలారు. ఖనన ఖర్చులు, అప్పులు పోగా 32 సెంట్ల కొబ్బరితోట నిలిచింది. అది మొత్తం కుమారునికే చెందాలని తండ్రి వీలునామా వ్రాసి రిజిస్టరు చేయించాడు. తల్లీ కూతుళ్ళు నోరు విప్పలేదు. "నాన్న వ్రాసినదాన్ని కాదంటే పాపం కదా!" అని వారి భయం.

ఈ భయానికి షరీఅత్‌లో ఆధారం లేదు. వారసుల వాటాలను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు (అన్నిసా: 11, 12). ఆ ప్రకారం తల్లికి 4 సెంట్లు, కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7 సెంట్లు రావాలి. వారసునికి వసీయత్ లేదని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. వారసులు కాని వారికైనా ఆస్తిలో మూడోవంతుకు మించి వ్రాయరాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిలో అధిక భాగం దానం చేయదలచినప్పుడు, మూడోవంతు చాలు, అదీ ఎక్కువేనని ప్రవక్త (స) వారించారు.

అయితే మిగిలిన వారసులు సమ్మతిస్తే అటువంటి వీలునామా చెల్లుతుంది. హనఫీ న్యాయం ప్రకారం ఆ సమ్మతి తండ్రి మరణానంతరం ఇచ్చినదై ఉండాలి. ఒక కుమార్తె ఒప్పుకుంటే ఆమె వాటాకే అది వర్తిస్తుంది. చెల్లెలి వాటా చెక్కుచెదరదు. షియా న్యాయంలో మాత్రం మూడోవంతు వరకు వారసునికి కూడా ఇతరుల సమ్మతి లేకుండానే వ్రాయవచ్చు.

మన దేశపు న్యాయస్థానాలు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తాయి. ఇతర వారసుల సమ్మతి లేనిదే వారసునికి వ్రాసిన వీలునామా చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1932లో గులాం ముహమ్మద్, గులాం హుసేన్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. పొలాలకు ఇది వర్తించదనే వాదన మన ప్రాంతంలో నిలవదు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తొలగించింది. శ్రీకాకుళం ప్రాంతం అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే.

రిజిస్ట్రేషను సంగతి కూడా గ్రహించాలి. ముస్లిం వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. నోటిమాటగా చేసిన వసీయత్ కూడా రుజువైతే చెల్లుతుంది. అలాగే, రిజిస్టరయినంత మాత్రాన చెల్లని వ్రాత చెల్లుబాటు కాదు.

కనుక ముందుగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి వీలునామా నకలు తెచ్చుకోవాలి. వ్రాసినవాడు స్పృహలో, స్వేచ్ఛగా వ్రాశాడా? ఎవరికి వ్రాశాడు? ఎంత వ్రాశాడు? ఈ మూడూ చూడాలి. చదవకుండా, చదివించుకోకుండా హక్కు విడుదల పత్రం మీద సంతకమో వేలిముద్రో వేయరాదు. పెద్దల సమక్షంలో పరిష్కారం కుదరకపోతే సివిలు కోర్టులో భాగపంపిణీ దావా వేయవచ్చు.

వసీయత్ చేసినవాడు పక్షపాతం చూపాడని భయపడి సంబంధితుల మధ్య సరిదిద్దేవానిపై దోషం లేదని దివ్య ఖుర్‌ఆన్ చెబుతోంది (అల్ బఖరా: 182). మరి ఆ కుమార్తెలు తమ 7 సెంట్లు అడిగితే తండ్రిని అవమానించినట్లెలా అవుతుంది? పరుల హక్కు బరువు ఆయనపై మిగలకుండా చూసినవారవుతారు. కుమారుడు తానే ముందుకు వచ్చి ఆ వాటాలు అప్పగిస్తే, అంతకన్నా ఉత్తమమైన పితృసేవ మరొకటి లేదు.