మలుగుచేప వెలుగు – పసిబిడ్డల కామెర్లు

మా మనుమడు పుట్టిన మూడవనాడు వాని కన్నులు పచ్చబడినవి. “పొద్దుటి యెండ చూపుడు, తగ్గును” అని నేనే చెప్పితిని. మా కోడలు నా మాట వినక ఆస్పత్రికి గొనిపోయినది. నెత్తురు కొలిచి చూడగా పచ్చదనము మితిమీరియున్నది. బిడ్డను నీలికాంతి క్రింద పరుండబెట్టిరి, బ్రదికినాడు. నాటినుండి ఆ కొలతను గూర్చి తెలిసికొనవలెనను కోరిక నాకు గలిగినది.

నెత్తుటిలోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు బ్రదికి నశించును. వాని యెఱుపునుండి బిలిరుబిన్ అను పసుపువన్నె పదార్థము పుట్టును. కాలేయము దానిని మార్చి, పైత్యరసముతో ప్రేవులలోనికి పంపివేయును. క్రొత్తగా పుట్టిన బిడ్డ కాలేయమున కింకను ఆ నేర్పు చాలదు. కావున పెక్కుమంది శిశువులకు కొలదిదినములు మేను పచ్చబడి, తనంతట తగ్గును. కొందఱిలో మాత్రము, కాలేయము మార్చని ఆ పదార్థమే పెరిగి మెదడునకు సోకును. అట్లయినచో వినికిడి పోవచ్చును, కాలుసేతులు స్వాధీనము తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. ఎవరికి తగ్గునో ఎవరికి ముదురునో కంటిచూపుతో నిర్ణయింపరాదు. చామనచాయ బిడ్డలయందు మఱియు కష్టము.

ఇక చేప సంగతి. జపాను దేశమున ఉనాగి అను మలుగుచేప కలదు. చూచుటకు పామువలె నుండును. అచ్చటివారు ప్రీతితో భుజింతురు. దాని కండలలో నీలికాంతి పడినపుడు ఆకుపచ్చగా మెఱయు మాంసకృత్తు ఒకటి యున్నది. 2013లో రికెన్ పరిశోధనాలయమునందలి అత్సుషి మియావాకి బృందమువారు దాని గుట్టు తెలిసికొని, ఉనాజీ అని పేరిడిరి. 1962లో ఒసాము షిమోమురా మొదలగువారు ప్రకటించిన జెల్లిచేప మాంసకృత్తు తన వెలుగునకు వలసిన భాగమును తనలోనే నిర్మించుకొనును. మలుగుచేపది అట్లుగాదు. బిలిరుబిన్ వచ్చి తనలో ఇమిడిననే గాని అది మెఱయదు. చమురు లేని ప్రమిద వంటిది. అదియు కాలేయము మార్చని బిలిరుబిన్ కావలెను. బిడ్డల మెదడునకు కీడు చేయునది సరిగా అదియే గదా!

కనుక నెత్తుటి రసిలో ఈ మాంసకృత్తును కలిపి, నీలికాంతి ప్రసరింపజేసి, ఆకుపచ్చ వెలుగెంతయో కొలిచినచో బిలిరుబిన్ ఎంతయో తేలును. స్వల్పమాత్రమును గూడ పట్టగలదు. ఇందుకై చేపలను చంపనక్కఱలేదు. దాని జన్యువును సూక్ష్మజీవులలో నుంచి, వానిచేతనే ఆ మాంసకృత్తును చేయింతురు. రసాయనములు కలిపి రంగు చూచు పాత పరీక్షను ఇది త్రోసివేసినదని నేననను. ఇది మందును గాదు, కొలపాత్ర మాత్రమే.

ఏ పరీక్షకైనను బిడ్డ వేళకు చేరవలెను. పుట్టిన తొలిదినముననే పచ్చబడినను, అరికాళ్లవఱకు పసుపు దిగినను, పాలు త్రాగక మగతగా నున్నను, పసరువైద్యునికై వేచియుండక ఆ పూటనే ఆస్పత్రికి గొనిపొండు.