మనలో నియాండర్తల్ వారసత్వం ఉందని ఎలా తెలిసింది?

జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో గని కూలీలకు దొరికిన ఎముకలు మనకు దగ్గరి చుట్టాలైన మరో మానవజాతివి. వాళ్లకూ మన పూర్వీకులకూ పిల్లలు పుట్టారా?

మొదట వచ్చిన జవాబు ‘లేదు’. 1997లో స్వాంటె పాబో బృందం ఆ ఎముక నుంచే మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి చూస్తే, నేటి మనుషుల్లో ఎవరితోనూ కలవలేదు. కానీ అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఆడపిల్లలు లేని తల్లితో ఆ వరస తెగిపోతుంది. అసలు సంగతి తేలాలంటే కణకేంద్రకంలోని డీఎన్ఏ చదవాలి. పాత ఎముకలో అది తునకతునకలై, బ్యాక్టీరియా డీఎన్ఏతో కలిసిపోయి ఉంటుంది. ఆ చిక్కు విప్పి, క్రొయేషియాలోని విందియా గుహ ఎముకల నుంచి 2010లో జన్యుపటం తయారుచేశారు.

దాన్ని ఐదుగురు నేటి మనుషులతో పోల్చారు: ఆఫ్రికా నుంచి ఇద్దరు, ఒక ఫ్రెంచి, ఒక చైనా, ఒక పాపువా మనిషి. రెండు జాతులూ కలవకపోయి ఉంటే నియాండర్తల్ అందరికీ సమాన దూరంలో ఉండాలి. ఆఫ్రికా బయటి ముగ్గురికే దగ్గరగా తేలాడు. పాపువా వైపు నియాండర్తల్‌లు బతికిన ఆనవాలే లేదు. అంటే మనవాళ్లు ఆఫ్రికా దాటాక, నలుదిక్కులకూ చెదిరిపోకముందే కలిశారన్నమాట, బహుశా పశ్చిమాసియాలో.

మరి ఎప్పుడు? నియాండర్తల్ తండ్రి ఇచ్చిన క్రోమోజోమ్ బిడ్డలో ఈ చివర నుంచి ఆ చివరకు ఆయనదే. ఆ తర్వాత చెరకుగడ నరికినట్టు తరతరానికీ తెగుతూ పోతుంది. ముక్క ఎంత పొడవుంటే కలయిక అంత దగ్గరిది. దీనికి రొమేనియాలోని ఒయాసె గుహలో 2002లో దొరికిన దవడను మించిన సాక్ష్యం నాకు కనబడదు. సుమారు 40 వేల ఏళ్ల నాటి ఆ మగమనిషి డీఎన్ఏలో 6 నుంచి 9 శాతం నియాండర్తల్‌ది; 12వ క్రోమోజోమ్‌లోనైతే దాదాపు సగం. అతనికి నాలుగు నుంచి ఆరు తరాల పైన ఒక నియాండర్తల్ పూర్వీకుడో, పూర్వీకురాలో ఉన్నట్టే. కలయిక ఒక్కసారితో ఆగలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి! నేటి మనలోని ముక్కలు మాత్రం చాలా పొట్టివి. వాటిని బట్టి లెక్కగడితే ప్రధాన కలయిక సుమారు 50 వేల నుంచి 43 వేల ఏళ్ల కిందటిది.

ఇప్పుడు ఆఫ్రికా బయటివారిలో మిగిలింది దాదాపు 2 శాతమే. ఎందుకంటే నియాండర్తల్‌ల జనాభా తక్కువ. చిన్న గుంపుల్లో హానికరమైన మార్పులు పేరుకుపోతాయి. మనలోకి వచ్చాక వాటిలో చాలావాటిని ప్రకృతి వరణం ఏరిపారేసింది.

అన్నీ పోలేదు. కరోనాలో ఊపిరాడని స్థితికి చేరే ముప్పును పెంచే ఒక ముక్క 3వ క్రోమోజోమ్ మీద ఉంది. దక్షిణాసియాలో సగం మంది దాన్ని మోస్తున్నారు, తూర్పు ఆసియాలో దాదాపు ఎవరూ లేరు. ఆ నియాండర్తల్‌ల నుంచే వచ్చిన మరో ముక్క, 12వ క్రోమోజోమ్ మీదిది, అదే ముప్పును కొంత తగ్గిస్తుంది.