కుక్క అన్నం ముట్టడం లేదా? ఎండకే అనుకోకండి.. ముందు చెవుల్లో పిడుదులు చూడండి!

ఎండాకాలం వచ్చిందంటే చాలు.. బనగానపల్లె చుట్టుపక్కల మామిడి తోటకు కాపలా ఉండే కుక్కైనా, గొర్రెల మంద వెంట తిరిగే కుక్కైనా, ఇంట్లో ముద్దుగా పెంచుకునే ల్యాబ్ అయినా ఉన్నట్టుండి నీరసపడిపోతుంది. పాలు పోసినా ముట్టదు. ‘ఎండలకు అట్లా అయింది, రెండు రోజులుంటే అదే లేస్తుందిలే’ అని ఇంట్లో వాళ్లు వదిలేస్తారు. కొందరు దిష్టి కూడా తీస్తారు. ఆ తర్వాత ఓ రోజు ముక్కులో నుంచి రక్తం కారుతుంది. అప్పుడు మొదలవుతుంది ఆసుపత్రికి పరుగు.

చాలాసార్లు అసలు కారణం ఎండ కాదు. చెవి లోపల, కాలి వేళ్ల మధ్య, మెడపట్టీ కింద నక్కి ఉన్న పిడుదు. కొన్ని ఊళ్లలో గోమారి అంటారు. ఇది తెచ్చే జబ్బునే డాక్టర్లు ‘టిక్ ఫీవర్’ అంటున్నారు. తొందరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బే. కానీ ఆలస్యం చేస్తే ప్రాణం తీస్తుంది.

నాపరాయి గోడలే పిడుదుల ఇళ్లు

మన దగ్గర కుక్కలను పట్టేది ఎక్కువగా గోధుమ రంగు పిడుదు. ఇది అడవిలోనో, గడ్డిలోనో మాత్రమే ఉంటుందనుకుంటే పొరపాటే. ఇది ఇంటి పురుగు. వేడి ప్రాంతాలంటే దీనికి మరీ ఇష్టం. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి రాలి, గోడ పైకి పాకి, ఏదో ఒక సందులో వేల గుడ్లు పెడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలు మళ్లీ కుక్కను వెతుక్కుంటూ వస్తాయి. పిల్ల దశ నుంచి పెద్దదయ్యే వరకు మూడుసార్లు కుక్క రక్తం తాగి, మూడుసార్లు కిందకు దిగుతుంది. అంటే దాని బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద కాదు, మన గోడలోనే గడుస్తుంది.

బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల అంటే నాపరాళ్లకు పెట్టింది పేరు. దొడ్డి గోడలు, పశువుల కొట్టాలు చాలాచోట్ల రాయి మీద రాయి పేర్చి కట్టినవే. మట్టి, సిమెంటు పూయని ఆ సందులు పిడుదులకు సొంతిల్లు లాంటివి. ఆకలితో నెలల తరబడి అందులోనే కూర్చోగలవు. అందుకే కుక్కకు ఎన్నిసార్లు స్నానం చేయించినా మళ్లీ మళ్లీ పట్టేస్తుంటాయి. కుక్క పడుకునే చోట గోడ సందులు పూడ్చి, సున్నం కొట్టి, దాని గోనెసంచిని ఎప్పటికప్పుడు మార్చేస్తే సగం పని అయిపోయినట్టే.

రక్తంలో ఏం జరుగుతుంది?

టిక్ ఫీవర్ అనేది ఒకటే జబ్బు కాదు. ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి ఎర్లీకియా. ఇది తెల్ల రక్తకణాల్లో దూరే బ్యాక్టీరియా. దీని వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ వస్తే మనకు ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కదా.. కాస్త అట్లాంటిదే. జ్వరం, తిండి మానేయడం, పొట్ట చర్మం మీద ఎర్రటి మచ్చలు, ముక్కులో రక్తం.. ఇవీ లక్షణాలు. రెండోది బబీసియా. ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. చిగుళ్లు తెల్లగా పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడొచ్చు. ఒకే కుక్కకు రెండూ కలిసి రావడమూ ఉంది.

ఇదేదో ఈ మధ్య వచ్చిన జబ్బు కాదండోయ్. బబీసియాలో ఒక రకాన్ని, బబీసియా గిబ్సోనిని, మొదట గుర్తించింది మన పక్కనే. 1910లో మద్రాసులో తెల్లదొరల వేట కుక్కల రక్తంలో ప్యాటన్ అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టారు. ఎర్లీకియాను 1935లో అల్జీరియాలో గుర్తించారు. వియత్నాం యుద్ధం టైంలో అమెరికా సైన్యం అక్కడికి తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్‌లు ఈ జబ్బుకే పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఈ జాతికి ఎర్లీకియా మిగతా వాటికంటే తీవ్రంగా వస్తుందని తేలింది. మన టౌన్లలోనూ జర్మన్ షెపర్డ్ పెంచేవాళ్లు తక్కువేం లేరు. వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

తేరుకుంది కదా అని మందు ఆపేస్తే..

ఎర్లీకియాకు వాడే డాక్సీసైక్లిన్ ఖరీదైన మందేమీ కాదు. మొదటి దశలో పట్టుకుంటే రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తోక ఊపుతుంది. అసలు చిక్కు అక్కడే వస్తుంది. బాగైపోయిందని మాత్రలు ఆపేస్తారు. కోర్సు మాత్రం సాధారణంగా 28 రోజులు. మధ్యలో ఆపితే క్రిమి ఒంట్లోనే దాక్కుంటుంది. పైకి కుక్క బాగానే ఉంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తూ బయటపడుతుంది. అప్పుడు రక్తం ఎక్కించినా నిలబడుతుందన్న గ్యారంటీ లేదు.

బబీసియాకైతే ఈ మాత్రలు ఒక్కటే సరిపోవు, మందు వేరే. అందుకే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర తెచ్చి వేయకుండా రక్తపరీక్ష చేయించాలి.

ఇంకో మాట. ‘మా కుక్కకు అన్ని టీకాలూ వేయించాం’ అనే ధీమా చాలామందిలో ఉంటుంది. మామూలుగా వేసే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ టీకాల్లో టిక్ ఫీవర్‌కు రక్షణ లేదు. పిడుదులను పట్టనివ్వకపోవడం ఒక్కటే మార్గం.

పిడుదు కనిపిస్తే అగ్గిపుల్లతో కాల్చొద్దు, కిరసనాయిలు పోయొద్దు. పట్టకారుతో చర్మానికి బాగా దగ్గరగా పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. చేత్తో నలపకుండా సబ్బునీళ్లలో వేసేయాలి. బర్రెలకు కొట్టే పిడుదుల మందును కొలత లేకుండా కుక్కకు పూస్తుంటారు. అది ఒళ్లు నాకుతుంది, ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది. కుక్కలకు వేరే చుక్కల మందులు, మాత్రలు ఉన్నాయి. బరువు చూసి డాక్టరే చెప్తారు.

నిజంగానే ఎండదెబ్బ అయితే?

అదీ ఉంటుంది. 44, 45 డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డు కింద గొలుసుతో కట్టేస్తే ఏ కుక్కైనా పడిపోతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దానికున్న ఏసీ. ఎండదెబ్బకు, టిక్ ఫీవర్‌కు తేడా సులువుగానే తెలుస్తుంది. ఎండదెబ్బ గంటల్లో వస్తుంది. విపరీతంగా వగరుస్తుంది, చొంగ కారుస్తుంది, తూలి పడిపోతుంది. టిక్ ఫీవర్‌లో రోజుల తరబడి మెల్లగా దిగజారుతుంది. ఎండదెబ్బైతే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టి, అదే ఊపులో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బలవంతంగా నోట్లో నీళ్లు పోయొద్దు.

జ్వరమని మన పారాసిటమాల్, నొప్పులని ఐబుప్రోఫెన్ ఇవ్వడం అసలు వద్దు. కుక్క కాలేయం, కిడ్నీలు వాటిని తట్టుకోలేవు.

పిల్లలైతే ఒక్క రోజు కూడా ఆగొద్దు

అన్నం మానేసింది రెండు మూడు నెలల పిల్ల అయితే, వాంతులు, రక్తంతో కూడిన నీళ్ల విరేచనాలు ఉంటే మొదట అనుమానించాల్సింది పార్వో. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. గతంలో ఒక పిల్ల పార్వోతో పోయిన ఇంట్లోకి టీకా లేని ఇంకో పిల్లను తెస్తే దానికీ అంటుకోవచ్చు. సెలైన్ పెట్టించడం ఒక్క రోజు ఆలస్యమైనా చేయి దాటిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. నట్టల మందూ అంతే ముఖ్యం.

గజ్జి గురించి ఒక్క ముక్క. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే తగ్గుతుందని ఊళ్లలో ఇప్పటికీ నమ్ముతున్నారు. దాంతో చర్మం కాలుతుంది తప్ప గజ్జి పురుగు మొత్తం చావదు.

నోట్లో చెయ్యి పెట్టే ముందు..

కుక్క తినలేకపోతోంది, చొంగ కారుతోంది, దవడ వేలాడుతోంది అంటే చాలామంది ‘గొంతులో ఎముక ఇరుక్కుంది’ అని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రేబిస్‌లో ఒక రకం అచ్చం ఇట్లాగే ఉంటుంది. కుక్క అరవదు, మీద పడదు, మూగగా ఉంటుంది. లక్షణాలు వచ్చాక కుక్కనైనా, మనిషినైనా కాపాడటం దాదాపు అసాధ్యం. చొంగ చేతి గాయానికి తగిలినా, కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా బూస్టర్ వేయిస్తే ఈ భయం చాలావరకు ఉండదు.

మొదట చూపించాల్సింది దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలోనే. సంచార పశువైద్య వాహనం కోసమైతే 1962కు ఫోన్ చేయొచ్చు. రక్తపరీక్షలు, సెలైన్‌లు, ఆపరేషన్ వరకు వెళ్లే పెద్ద కేసులకు కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా వెళ్తే ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. వెళ్లేటప్పుడు కుక్క ఎప్పటి నుంచి తినడం లేదో, మూత్రం ఏ రంగులో ఉందో, పిడుదులు ఎప్పుడు చూశారో, ఇంట్లో ఏ మాత్ర వేశారో రాసుకుని వెళ్లండి. డాక్టర్ ముందు అడిగేవి అవే.