నవ్వులు పంచారు.. నష్టాలు మోశారు!

'పాతాళభైరవి' టీవీలో ఎప్పుడొచ్చినా పిల్లలు ఇట్టే గుర్తుపట్టే మనిషి ఒకరుంటారు. నేపాళ మాంత్రికుడి వెంట తిరిగే శిష్యుడు సదాజప. 1951లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఊరు కడప జిల్లా సింహాద్రిపురం. పూర్తిపేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. మనందరికీ మాత్రం హాస్యనటుడు పద్మనాభం!

మెట్టనేల నుంచి మద్రాసుకు...

పులివెందుల దగ్గరి సింహాద్రిపురంలో 1931 ఆగస్టు 20న పుట్టారాయన. వానొస్తే పంట, లేదంటే అప్పు అన్నట్టుండే సీమ పల్లెకు సినిమా అంటే ఎక్కడో మద్రాసులో జరిగే వింత. పద్యాలన్నా, నాటకాలన్నా చెవికోసుకునే ఈ పిల్లాడు మీసాలైనా రాని వయసులోనే ఆ మద్రాసు దారిపట్టాడు. అక్కడ ప్రఖ్యాత నటి కన్నాంబ చేరదీశారు. 1945లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాయాలోకం'లో తొలి వేషం దొరికింది. అప్పటికి పద్నాలుగేళ్లు.

రేలంగి, రమణారెడ్డి వెలిగిపోతున్న రోజులవి. వాళ్ల మధ్య చోటు సంపాదించుకోవడం మాటలు కాదు. అయినా అమాయకపు ముఖంతో, గమ్మత్తయిన గొంతుతో నిలదొక్కుకున్నారు. అరవైల్లో గీతాంజలితో ఆయన జోడీ అంటే హాల్లో ఈలలే!

నవ్వించింది చాలక...

అక్కడితో ఆగితే ఆయన కథ మరోలా ఉండేదేమో. కానీ పద్మనాభం నిర్మాతగా మారారు. ఎన్టీఆర్, సావిత్రి జంటగా 1965లో తీసిన 'దేవత' మంచి విజయం సాధించింది. ఆ ధైర్యంతో 'పొట్టి ప్లీడరు', 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' తీశారు. సంగీత దర్శకుడు కోదండపాణి ఓ కొత్త కుర్రాణ్ని తీసుకొస్తే 'మర్యాదరామన్న'లో పాడే అవకాశం ఇచ్చారు. 1966 డిసెంబరు 15న ఆ పాట రికార్డయింది. ఆ ఇరవై ఏళ్ల గాయకుడే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం!

కవయిత్రి మొల్లది బద్వేలు దగ్గరి గోపవరమని కడప జిల్లావాళ్లు గట్టిగా చెబుతారు. ఆమె జీవితాన్ని 1970లో వాణిశ్రీ నాయికగా 'కథానాయిక మొల్ల' పేరుతో తెరకెక్కించిందీ పద్మనాభమే. దానికి ఆయనే దర్శకుడు. రాష్ట్ర ప్రభుత్వం బంగారు నంది ఇచ్చి గౌరవించింది.

లెక్క తప్పింది ఇక్కడే

వేషం వేసినవాడికి కూలి ముడితే ముట్టినట్టే. సినిమా ఆడకపోయినా ఆ డబ్బు వెనక్కి పోదు. నిర్మాత సంగతి అలా కాదు. షూటింగు ఆగినా ఫైనాన్షియరు వడ్డీ ఆగదు. మూడు సినిమాలు ఆడి నాలుగోది బోల్తాకొడితే ముందటి లాభాలూ అందులోనే మునుగుతాయి. పద్మనాభం విషయంలోనూ అదే జరిగింది. తర్వాత తీసిన చిత్రాలు దెబ్బతీశాయి. సంపాదించింది కరిగిపోయింది. ఈలోగా రాజబాబు హవా మొదలైంది, ఆ తర్వాత మరో తరం వచ్చింది. వేషాలు తగ్గాయి. ఒకప్పుడు పెద్ద తారలతో సినిమా తీసిన మనిషి చివరికి చిన్నాచితకా పాత్రలతో సరిపెట్టుకున్నారు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో గుండెపోటుతో కన్నుమూశారు.

టీవీ పిల్లలూ.. వింటున్నారా?

2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యాక పల్లెటూరి కుర్రాళ్లెందరో రాత్రికి రాత్రి ఇంటింటికీ తెలిసిన ముఖాలయ్యారు. ఇప్పుడు ఊరికొకడు మిమిక్రీ చేస్తూ హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. 'వీడికి ఇదేం పిచ్చి' అని అమ్మానాన్నలు బెంగపడుతున్నారు. ఆ బెంగలో న్యాయముంది. స్కిట్టు ఉంటేనే డబ్బు. కార్యక్రమం ఆగితే ఫోను మోగదు. జబ్బుచేస్తే జీతంతో సెలవిచ్చేవారుండరు.

అలాగని పద్మనాభం చేసింది తప్పా? ఆయన డబ్బు దాచుకుని కూర్చుంటే మొల్ల కథ తెరమీదికి వచ్చేది కాదు. బాలు తొలిపాట ఇంకెప్పుడో, ఇంకెక్కడో! సాహసం వద్దని ఆయన జీవితం చెప్పడంలేదు. ఎంతలో చేయాలో చెబుతోంది. ఎంత కరవొచ్చినా సీమ రైతు విత్తనాల మూటను ముట్టుకోడు. తెరమీద నవ్వించే పిల్లలూ అంతే. ముందు తలదాచుకునే గూడు, కష్టకాలానికి నాలుగు రూపాయలు పక్కన పెట్టుకోవాలి. మిగిలినదాంతో ఎంత పెద్ద కలైనా కనొచ్చు!