వందలో ఏడు పోతే...

వందలో ఏడు పోతే తొంభై మూడు. అందులో మరో ఏడు పోతే ఎనభై ఆరు. ఇలా కాగితం, కలం లేకుండా వరసగా ఏడేసి తీసేయించడం నరాల వైద్యులు, మానసిక వైద్యులు చాలాకాలంగా పెడుతున్న పరీక్ష. అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, పాల్ మెక్‌హ్యూ కలిసి 1975లో వెలువరించిన మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌లో చేరాక ఇది ప్రపంచమంతా పాకింది. ఆ పరీక్షకు మొత్తం 30 మార్కులు. అందులో ఐదు ఈ తీసివేతలవే.

ఏడే ఎందుకు?

ఐదేసి తీసేయమంటే 95, 90, 85 అంటూ అలవాటుగా నోటికి వచ్చేస్తాయి. ఏడుతో ఆ వీలు లేదు. 93లోంచి ఏడు తీయాలంటే చాలామంది ముందు మూడు తీసి 90కి వస్తారు, మిగిలిన నాలుగూ తీసి 86కి దిగుతారు. ఆ కాసేపూ ఏ సంఖ్య దగ్గర ఉన్నారో, ఇంకా ఎంత తీయాలో, అసలు తీయాల్సింది ఎంతో గుర్తుండాలి. ఐదు తీసివేతల్లో 79లోంచి ఏడు తీయడం ఒక్కటే తేలిక. మిగతా నాలుగింటికీ పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సిందే. ఒక విషయాన్ని గుర్తుంచుకుంటూనే దానితో పని చేయగల ఈ శక్తిని మనస్తత్వ శాస్త్రంలో వర్కింగ్ మెమరీ అంటారు. పరీక్షించేది లెక్కల ప్రతిభను కాదు, దీన్నే.

తప్పుల్లో తేడా

తీసివేతల మధ్యలో అంకెను గుర్తు చేయరు. ఒకరు 93, 85, 78, 71, 64 అన్నారనుకుందాం. 86కు బదులు 85 అనడం ఒక్కటే తప్పు. తర్వాతి మూడూ సరైనవే కాబట్టి నాలుగు మార్కులు వస్తాయి. 93, 83, 73 అంటూ పోతే మాత్రం అది లెక్క తప్పడం కాదు, తీయాల్సింది ఏడన్న సంగతే జారిపోవడం.

ఈ లెక్కకు ముందు మూడు మాటలు చెప్పి, తీసివేతలయ్యాక వాటిని అడుగుతారు. లెక్కలో పడ్డ మనసు ఆ మాటలను లోలోపల వల్లె వేసుకోలేదు. అల్జీమర్స్ తొలి దశలో లెక్క కుదిరినా మాటలు గుర్తురాకపోవచ్చు. ఇన్ఫెక్షన్ వల్లో మందుల వల్లో హఠాత్తుగా వచ్చే డెలీరియంలో ధ్యాస నిలవక లెక్కే మధ్యలో తెగిపోతుంది.

మార్కులే తీర్పు కాదు

ఆరోగ్యవంతులూ ఇందులో తప్పులు చేస్తారు. చదువు లేకపోవడం, వినికిడి లోపం, నిద్రలేమి, డిప్రెషన్ మార్కులను తగ్గిస్తాయి. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని వృద్ధుల కోసం రూపొందించిన హిందీ పరీక్షలో అందుకే ఈ తీసివేతలకు బదులు వారాల పేర్లను వెనక నుంచి చెప్పమంటారు. కంగారు కూడా లెక్కను చెడగొడుతుంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ప్రకటించిన ప్రయోగ పద్ధతిలో, ఒత్తిడి పుట్టించడానికే నలుగురి ముందు 1022 నుంచి పదమూడేసి తీసేయిస్తారు.

అందువల్ల ఈ ఒక్క పరీక్షతో మతిమరుపు జబ్బును నిర్ధారించరు. ఆ మనిషి చదువు, వృత్తి, మునుపటి చురుకుదనంతో పోల్చి చూస్తారు. ఎప్పుడూ చిల్లర లెక్క తడబడనివారు కొన్ని నెలలుగా తికమకపడుతుంటే వైద్యుడికి చూపించాలి. ఆ తికమక ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.